మావయ్య గారి సోఫాకి బెల్టులు

మా మావయ్య గారు వ్యాన్‌లో సోఫా వేశారు.

సీటు కాదు, సోఫాయే. టేకు చట్రం, చేతులు ఆనించుకోవడానికి గుండ్రటి దిమ్మలు, ఎర్ర రెక్సిన్, వీపు నిండా బొత్తాలు. మావయ్య గారిది సోఫాలు చేసే పని. మా ఆయనదీ అదే. ఇంటి ముందు గదే దుకాణం. అందుకే మా ఇంట్లో కూర్చోవడానికి ఎప్పుడూ చోటుండదు; ఉన్న కుర్చీలన్నీ ఎవరివో ఒకరివి, అవీ సగం విప్పి ఉంటాయి. అలాంటి ఇంటికి ఒక పాత వ్యాన్ వచ్చింది. మొదట్లో అది మనుషుల్ని తిప్పేదట. తర్వాత కొన్న బేకరీ వాళ్ళు వెనక సీట్లన్నీ పీకేసి రొట్టెల ట్రేలు పెట్టుకున్నారు. మా చేతికొచ్చేసరికి వెనకాల ఒట్టి ఇనుప డొల్ల, అందులో ఇంకా వదలని రొట్టె వాసన.

మావయ్య గారు ఒట్టి ఇనుము చూస్తే ఊరుకోలేరు. నేల మీద ప్లైవుడ్ పరిచారు. గోడలకి స్పాంజి అంటించి, పైన రెక్సిన్ లాగి కట్టి, గోడలకి కూడా బొత్తాలు పెట్టారు. కిటికీ పక్కన భుజమెత్తులో ఉన్న ఒక బొత్తాం మాత్రం మిగతావాటికంటే లోతుగా దిగి, బుగ్గ మీద సొట్టలా కుదిరింది. ఎవరొచ్చినా దాన్నే చూపించేవారు.

"చూశావా అమ్మాయ్, ఆ సొట్ట. మిగతావాటికి మేకు కొట్టాల్సొచ్చింది. అది మాత్రం వేలితో నొక్కితే దానంతటదే దిగిపోయింది. చెయ్యి తిరగడం అంటే అదీ."

మా బుడంకాయకీ ఆ సొట్టే నచ్చింది. బుడంకాయ అంటే నా కూతురు. ఈమధ్యే నడక వచ్చింది. గుంట ఎక్కడ కనిపిస్తే అక్కడ వేలు పెట్టడం దాని ఉద్యోగం. నా ముక్కు, వాళ్ళ నాన్న చెవి, తాళం కప్ప, ఇప్పుడు ఈ సొట్ట.

ఇంతకీ వ్యాన్‌లో మేం వెళ్ళాల్సింది మా అక్క దగ్గరికి. అమ్మ పనికి పోతే నన్ను చంకనేసుకొని తిరిగింది అక్కే. ఇప్పుడు దాని కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉంది. బుడంకాయ నడక అది ఇంకా చూడలేదు. "ఫోన్లో కాదే, నా కళ్ళ ముందు నడిపించు," అంది. వాళ్ళుండే వైపు బస్సు పోదు. ఆదివారం వ్యాన్‌లో వస్తామని మా ఆయన మాటిచ్చేశారు. అక్క తన పిల్లాడికి వాడిన, బండి సీటుకి కట్టే పిల్లల సీటును ముందే పంపించేసింది. ఆ సీటు వెనక బెల్టు దూర్చడానికి దారి ఉంది. మా వ్యాన్‌లో వెనకాల దూర్చడానికి బెల్టే లేదు.

అక్కని చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. బుడంకాయని ఆ సోఫా మీద ఊహించుకుంటే అదే ప్రాణం గొంతులోకి వస్తోంది.

"బెల్టెందుకే," అన్నారు అత్తయ్య. "నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. ఈ చేతులున్నాయిగా."

"సడెన్‌గా బ్రేకు వేస్తే, అత్తయ్యా?"

"వేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాను. మీ ఆయన్ని ఈ చేతుల్లోంచి ఒక్కసారైనా జారనిచ్చానా?"

"రెండుసార్లు," అన్నారు మావయ్య గారు, నోట్లో మేకులు పెట్టుకొనే.

"ఒక్కసారే. రెండోసారి వాడే దూకాడు."

మా ఆయన తల తడుముకున్నారు.

"బెల్టు లేకపోతే నా కూతురు ఆ బండి ఎక్కదు," అన్నాను. "నేనూ ఎక్కను. అక్కకి కాలు బాగయ్యాక అదే నడిచొస్తుంది." ఇలా అనేసరికి నాకే ఏడుపొచ్చింది.

"భయాల పుట్ట," అన్నారు అత్తయ్య, కానీ చీర చెంగుతో నా ముక్కు తుడిచారు.

బోల్టుల దుకాణం ఒక పెద్దావిడది. వీధి మొత్తానికి ఆవిడ బోల్టుల పిన్ని. నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు, గదంతా నూనె వాసన. మా ఆయన ఇంటి నుంచి జేబులో వేసుకొచ్చిన బోల్టు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మంచం బోల్టు పిన్నీ. ఇలాంటివే ఇంకొన్ని కావాలి. సీటు బెల్టులు బిగించడానికి."

పిన్ని దాన్ని ముట్టుకోలేదు.

"మనుషులు పడుకుంటే ఆగింది. కూర్చుంటే ఆగదా?" అన్నారు మా ఆయన.

"మీ మంచం రోడ్డు మీద పోతుందా బాబూ?"

పిన్ని ఒక సొరుగు లాగి, నల్లగా మొరటుగా ఉన్న బోల్టు తీసింది. తల మీద అంకెలు చెక్కి ఉన్నాయి. "ఆ అంకెలు దాని బలం. అంకెలు లేని బోల్టు ఎంత లావున్నా బెల్టుకి పనికి రాదు. మర చూడు, ఎంత సన్నగా ఉందో. బెల్టుల కోసమే చేసింది."

మా ఆయన చూపు పక్క సొరుగు మీద ఉంది. అందులో వెండిలా మెరిసేవి ఉన్నాయి. "ఇవైతే ఎర్ర రెక్సిన్ మీద ఎంత బాగుంటాయి."

"అవి తలుపు గొళ్ళేలకి. మెరవడం తప్ప ఇంకో పని రాదు వాటికి."

నేను నల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాను. "ఇది తెగదు కదా పిన్నీ?"

"తెగదు."

"ఎండకి?"

"తెగదు."

"వానకి తుప్పు పట్టి?"

"పూత ఉంది."

"మా పాప నాకితే?"

"నాకితే కడుగు. తెగితే గిగితే నేనే తెగాలి, నీకు జవాబులు చెప్పి చెప్పి." అంటూనే అరచేయంత ఇనుప పట్టీలు తీసి ముందుంచింది. మధ్యలో రంధ్రం, మూలలు గుండ్రంగా ఉన్నాయి. "బండి రేకుకి ఉత్త బోల్టు బిగిస్తే, గట్టిగా లాగినప్పుడు బోల్టు బాగానే ఉంటుంది, రేకే గుడ్డలా చిరుగుతుంది. ఈ పట్టీ వెనకేసి బిగిస్తే బరువంతా పంచుకుంటుంది. రేకుకే కదా వేసేది?"

"రేకు కాదు పిన్నీ, టేకు," అన్నారు మా ఆయన గర్వంగా.

పిన్ని మా ఆయన హాస్యమాడుతున్నారనుకుంది. ఆ వంకన కాసేపు నవ్వుకొని, బెల్టులు, బోల్టులు, పట్టీలు అన్నీ సంచిలో వేసిచ్చింది. ఆ నవ్వు దగ్గర మేం ఆగి ఆలోచించి ఉంటే అత్తయ్యకి శనివారం నాటి ప్రయాణం తప్పేది.

ఆ సాయంత్రమే మావయ్య గారు పని మొదలుపెట్టారు. చట్రానికి బరమాతో రంధ్రాలు, వెనక పట్టీలు, పైన బోల్టులు. నడుము దగ్గర రెండు, భుజం మీదికి వచ్చేది సోఫా వీపుకి. నేను పక్కనే నిలబడి ప్రతి బోల్టూ లెక్కపెట్టుకున్నట్టు చూశాను. అంకెలున్న తలలు బయటికి కనిపించాలన్నాను. పట్టీ మూలలు వేలితో తడిమి చూశాను. ఆఖరికి సోఫా మీద కాలు తన్నిపట్టి, బెల్టు రెండు చేతులా పట్టుకొని లాగాను. మా ఆయన్నీ లాగమన్నాను. ఇద్దరం కలిసి లాగాం. ఇంత కూడా కదల్లేదు.

సోఫా మీదే కాలు పెట్టి సోఫాకున్న బెల్టునే లాగితే సోఫా ఎందుకు కదులుతుందన్నది మాకు తట్టలేదు.

"ఇక సంతోషమేనా?" అన్నారు మావయ్య గారు.

"ఒకసారి నడిపి చూద్దాం మావయ్య గారూ. పాప లేకుండా."

శనివారం పొద్దున సందులో అందరం చేరాం. పిల్లల సీటును సోఫాకి కట్టి, అందులో బుడంకాయ అంత బరువున్న బంగాళాదుంపల మూట పెట్టాను. దానికి బుడంకాయ టోపీ కూడా పెట్టాను. అలా పెట్టకపోతే నాకు నమ్మకం కుదరదు.

"మూట ఒక్కటే కూర్చుంటే ఏం తెలుస్తుంది? మూట నోరు విప్పి చెబుతుందా?" అని అత్తయ్య కూడా ఎక్కేసి, మూట పక్కన కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు. ఒక చెయ్యి మూట మీద వేశారు. అలవాటు.

నేను బుడంకాయని చంకనెత్తుకొని, వెనక నుంచి లోపలంతా కనపడేలా వ్యాన్ తలుపులు బార్లా తెరిపించాను. సోఫాలు ఎక్కించే వాలు పలక కొక్కేలతో వ్యాన్‌కి తగిలించే ఉంది. దాన్ని తియ్యమని ఎవరికీ గుర్తు రాలేదు. మా ఇంట్లో అది గుమ్మం లాంటిది.

"పోనివ్వండి," అన్నాను.

మా ఆయన క్లచ్ వదలడం ఎప్పుడూ కోపంగా వదిలినట్టే ఉంటుంది. వ్యాన్ ఒక్క గెంతు గెంతింది.

సోఫా ఉన్నచోటే ఉంది. దాని కింద నుంచి వ్యానే వెళ్ళిపోయింది.

ముందు వాలు పలక మీదికి సోఫా వెనక చక్రాలు వచ్చాయి. అవును, చక్రాలు. మావయ్య గారు ప్రతి సోఫాకీ కింద చిన్న చక్రాలు పెడతారు, ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుందని. ఆ తర్వాత సోఫా మొత్తం మెత్తగా, మర్యాదగా పలక దిగి రోడ్డెక్కింది. మా సందు కొంచెం పల్లం. అత్తయ్య, బంగాళాదుంపలు, ఎర్ర సోఫా, ముగ్గురూ మమ్మల్ని దాటి, మా వైపే చూస్తూ వెనక్కి వెనక్కి వెళ్ళసాగారు. అత్తయ్య ముఖంలో భయం లేదు. ఎవరి మీద కోప్పడాలో ఇంకా తేల్చుకోలేని ముఖం అది.

బండి నడిపే మా ఆయనకి ఇదేమీ తెలియదు. వెనక ఏ చప్పుడూ లేకపోయేసరికి పరీక్ష బాగా జరిగిందనుకొని సందు చివర దాకా పోయారు.

సోఫా వెళ్ళి వెళ్ళి సెలూన్ మెట్టుకి ఆనుకొని ఆగింది. సెలూన్ ఆయన కత్తెరతోనే బయటికి వచ్చి అత్తయ్యని ఎగాదిగా చూశాడు.

"ముందు ఇద్దరున్నారమ్మా. కూర్చోండి," అన్నాడు.

నేను బుడంకాయని చంకనేసుకొనే పరుగెత్తాను. అత్తయ్యకి చిన్న గీత కూడా పడలేదు. బెల్టు బిగుసుకొని ఉంది. సీటు ఉంది, మూట ఉంది, టోపీ కూడా జారలేదు.

"బెల్టు మాత్రం మంచిదే," అన్నారు అత్తయ్య.

నా చంకలో బుడంకాయ చప్పట్లు కొట్టింది. "మళ్ళీ," అంది.

నేను సెలూన్ మెట్టు మీదే కూలబడ్డాను. టోపీ పెట్టుకున్న ఆ మూటనే చూస్తున్నాను. ప్రతి బోల్టూ చూశాను. పట్టీలు తడిమాను. సోఫా కింద మాత్రం వంగి చూడలేదు.

"చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టానే," అన్నారు మావయ్య గారు ఆయాసంగా వచ్చి.

"ఊడవడానికి తీశాను," అన్నారు అత్తయ్య. "అందుకే కదా చక్రాలు పెట్టానన్నావు."

వాళ్ళిద్దరూ అడ్డుచెక్కల మీద వాదనకి దిగారు. నేను లేచి, వాళ్ళ మధ్య నిలబడ్డాను.

"అడ్డుచెక్కలున్నా ఇంతే మావయ్య గారూ. బెల్టు సోఫాని పట్టుకుంది. సోఫాని ఎవరు పట్టుకున్నారు?"

మావయ్య గారు చాలాసేపు తన సోఫానే చూశారు. పెళ్ళి చేసి పంపిన కూతురు మర్నాడే తిరిగొచ్చినట్టు చూశారు.

సందు చివర షెడ్డులో ఉండే మెకానిక్కుని అందరం గ్రీజు బాబాయ్ అంటాం. ఆయన్ని మా ఆయన వెంటబెట్టుకొని వచ్చారు. గ్రీజు బాబాయ్ సంగతంతా విని, నవ్వు ఆపుకోలేక, నవ్వడానికి ఆ సోఫా మీదే కూర్చున్నాడు. కూర్చుంటే అది ఇంకొంచెం కదిలింది. దాంతో ఇంకా నవ్వాడు.

"బండి సీటు బండి ఇనుముకి ఉండాలి. బెల్టూ ఇనుముకే ఉండాలి," అన్నాడు కళ్ళు తుడుచుకొని. "కంపెనీ వాళ్ళు అందుకోసం ముందే రంధ్రాలు పెడతారు, లోపల మర తిప్పి మరీ. అవేవి?"

అందరం వ్యాన్ లోపలికి చూశాం. అంతా ఎర్రగా, మెత్తగా, బొత్తాలతో ఉంది.

"రెక్సిన్ చింపితే కనపడతాయి," అన్నాడు గ్రీజు బాబాయ్.

"నన్ను చింపి చూడు ముందు," అన్నారు మావయ్య గారు.

"సరే, కొత్తవి పెడదాం. ఎంతసేపు." గ్రీజు బాబాయ్ బరమా తెచ్చి, నేల మీద ఒక చోట బొటనవేలితో కొలిచి, ముల్లు ఆనించాడు.

"దాని కింద ఏముంది బాబాయ్?" అన్నాను.

"ఏముంటుందమ్మా. రోడ్డు."

"ఒకసారి చూడవా?"

"పాతికేళ్ళ అనుభవం నాది."

"చూడు బాబాయ్. నా కోసం."

ఆయన విసుక్కుంటూ బరమా పక్కన పెట్టి వ్యాన్ కిందకి దూరాడు. కాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ కాళ్ళు ఒక్కసారిగా కదలడం మానేశాయి. బయటికొచ్చాక బరమా తీగను ప్లగ్గులోంచి తనే పీకేశాడు.

"ఏముంది?" అన్నారు మా ఆయన.

"పెట్రోలు ట్యాంకు," అన్నాడు చిన్నగా.

అత్తయ్య నా వైపు చూశారు. ఈసారి భయాల పుట్ట అనలేదు.

నేను ఆదివారం మీద ఆశ వదులుకుని, అక్కకి ఏమని ఫోన్ చెయ్యాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఈలోగా బుడంకాయ నా చంక దిగి, వాలు పలక మీదుగా వ్యాన్‌లోకి బుడిబుడి నడుస్తూ, తన సొట్ట దగ్గరికి పోయింది. కాలి మునివేళ్ళ మీద లేచినా అందదు. ఎత్తుకోమని చేతులు చాచింది. ఎత్తాను. బొత్తాం మీద వేలు పెట్టి నొక్కింది.

వేలు లోపలికి పోయింది. సగం వేలు.

అక్కడ గోడ ఉండాలి కదా. నేనూ నొక్కి చూశాను. రెక్సిన్ వెనక గుండ్రటి అంచు తగిలింది. ఇనుము. అంచు లోపల గరుగ్గా, సీసా మూతికి ఉన్నట్టు మర.

"మావయ్య గారూ," అన్నాను, "మీ సొట్ట మీ చెయ్యి చేసింది కాదు."

మావయ్య గారు వచ్చి తనూ వేలు పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. ఎవరినీ ఏమీ అననివ్వకుండా జేబులోంచి కత్తెర తీసి, అందరికీ చూపించుకున్న ఆ బొత్తాం చుట్టూ తన చేత్తోనే కోశారు. లోపల రంధ్రం, బేకరీ వాళ్ళ పిండి కొంచెం అంటుకొని, మెరుస్తూ ఉంది. నేను సోఫాకున్న బోల్టొకటి విప్పించి అందులో పెట్టి తిప్పాను. పానా అక్కర్లేకుండా, వేళ్ళతోనే తిరుగుతూ, ఇంటికొచ్చినట్టు లోపలికి పోయింది.

మిగతా రంధ్రాలు ప్లైవుడ్ కింద దొరికాయి. గ్రీజు బాబాయ్ పాత బళ్ళ దుకాణం నుంచి ఇలాంటి వ్యాన్‌దే ఒక సీటు మోసుకొచ్చి, నేలకి బిగించాడు. బెల్టులు బండి ఇనుముకి వేశాడు. సోఫాతో కలిసి సందులో తిరిగొచ్చిన బోల్టుల్ని మాత్రం నేను ఒప్పుకోలేదు. "అవి బాగానే ఉన్నాయమ్మా," అన్నాడు. "ఉండనీ బాబాయ్," అని పిన్ని దగ్గరికి పోయి కొత్తవి తెచ్చాను. పిన్ని సంగతి విని ఈసారి నవ్వలేదు. బల్ల మీద తల పెట్టేసింది.

ఈసారి నేను సీటు మీద కాలు పెట్టలేదు. బెల్టుకి తాడు కట్టి, రోడ్డు మీద నిలబడి, అత్తయ్యతో సహా నలుగురం లాగాం. సీటు కదల్లేదు. వ్యాన్ మొత్తం టైర్ల మీద ఊగింది. చూస్తే ఇంత సంతోషం వేసింది నాకు. "ఇంకోసారి," అన్నాను. ఇంకోసారి కూడా వ్యానే ఊగింది.

పాత సీటు చూసి మావయ్య గారి మనసు ఒప్పలేదు. దానికి ఎర్ర తొడుగు వేస్తానన్నారు. సరేనన్నాను గానీ కుట్టినంతసేపూ పక్కనే కూర్చున్నాను. బెల్టు తాళం దగ్గరికి రెక్సిన్ వచ్చినప్పుడల్లా దగ్గాను. సోఫా గ్రీజు బాబాయ్ షెడ్డుకి పోయింది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బాగుందట. చక్రాలు విప్పించాకే పంపాను.

ఆదివారం బయల్దేరాం. మా ఆయన, మావయ్య గారు ముందు. వెనక నేను, మధ్యలో తన సీటులో బుడంకాయ, అటు అత్తయ్య. దారంతా అత్తయ్య సణుగుడే. బెల్టు ఒత్తుతోందట, చీర నలుగుతోందట, చంటిదాన్ని కట్టేసిన పాపం మాదేనట.

ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో, కంచె లోంచి ఒక మేక రోడ్డు మీదికి దూకింది. మా ఆయన బ్రేకు మీద నిలబడ్డారు. టైర్లు కీచుమన్నాయి. నా బెల్టు నన్ను గుండెల మీద చరిచినట్టు వెనక్కి లాగి కూర్చోబెట్టింది. మేక మమ్మల్ని తీరిగ్గా చూసి అవతలికి పోయింది.

ఏమీ జరగలేదు.

బుడంకాయ ఉన్నచోటే ఉంది, సీటు ఉన్నచోటే ఉంది. టోపీ మాత్రం కళ్ళ మీదికి జారింది. నేను దాని చేతులు, కాళ్ళు, తల అన్నీ తడిమి, మళ్ళీ తడిమి, అప్పుడు అత్తయ్య వైపు చూశాను.

అత్తయ్య చేతులు రెండూ ముందుకి చాచి ఉన్నాయి. బ్రేకు పడగానే వాటంతటవే ఎగిరిపోయాయి కాబోలు. ముందు సీటు వీపుని రెండు అరచేతులూ తన్నిపట్టుకొని ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. ఆవిడ కూడా వాటినే చూసుకుంటున్నారు.

"ఇది నా ఒళ్ళో ఉండుంటే," అన్నారు.

మెల్లగా చేతులు వెనక్కి తీసుకుని, నలిగిన చెంగు సర్దుకున్నారు.

"ఏమే అమ్మాయ్, ఈ బెల్టు ఇంకొంచెం బిగించు. వదులుగా ఉన్నట్టుంది."

బిగించాను. మా ఆయన గేరు మార్చారు. బుడంకాయ టోపీ పైకి నెట్టుకొని, అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"మళ్ళీ," అంది.

"వద్దు," అన్నాం నలుగురం.

అక్క గుమ్మంలో కుర్చీ వేయించుకొని, కట్టు కాలు చాపుకొని ఎదురుచూస్తోంది. బుడంకాయని దింపి నిలబెట్టాను. అది అక్కని చూసింది, వ్యాన్‌ని చూసింది, గిరుక్కున తిరిగి తన సీటు వైపే గబగబా నడిచింది.

"నడుస్తోందే," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "అటు కాదే పిల్లా, ఇటు."